భోజనాల ఫార్వర్డ్

పోయిన వారం మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ వచ్చి పడింది. "ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్. ఆదివారం సాయంత్రం. రాజుగారి చెరువు." మధ్యలో ఆ ఊరి టీమ్ ఫార్వర్డ్ ఫోటో. బంతిని పుచ్చకాయలాగా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం కంటే పెద్ద అక్షరాల్లో కింద ఎర్రగా రాసి ఉంది: "భోజనములు కలవు".

దాని కింద మా పాత గోల్‌కీపర్ సురేష్ గాడి కామెంటు. "ఒరేయ్, భోజనాల ఫార్వర్డ్ ఆట మానేస్తున్నాడంట్రా. ఇన్నేళ్ళలో కొట్టిన గోల్స్‌లో ఆయనవెన్ని, వేటమాంసానివెన్ని?" ఆ కింద వరసగా పడీపడీ నవ్వే బొమ్మలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో టైపు చెయ్యడం మొదలుపెట్టాను. ఒక తిట్టు రాశాను, చెరిపేశాను. ఇంకో తిట్టు రాశాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. తిట్లన్నీ తీసేశాక మిగిలింది ఇది. ఆదివారం సంగతి తర్వాత కలిపాను.

ముందు చెరువులో ఫుట్‌బాల్ ఏంటో చెప్పాలి. భీమవరం పక్క ఆ ఊళ్ళో గ్రౌండ్ లేదు. జానెడు పల్లం కనిపిస్తే నీళ్ళు పెట్టి రొయ్యపిల్లల్ని వదులుతారు. రొయ్యలు పట్టేశాక మళ్ళీ పంట వేసేలోపు చెరువుని ఎండబెడతారు. నెలో నెలన్నరో. ఆ ఎండిన చెరువే గ్రౌండ్. నాలుగు గట్లే గ్యాలరీ. చెరువు అడుగున చల్లడానికి తెచ్చిన సున్నంతోనే గీతలు గీస్తారు. వెదురు గెడలు గోల్‌పోస్టులు, చిరిగిన వల నెట్టు. క్రికెట్ ఎందుకు ఆడరంటే, పగుళ్ళిచ్చిన ఆ నేల మీద క్రికెట్ బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. ఫుట్‌బాల్ అయితే పగులు దాటి దొర్లిపోతుంది.

వేరే చోట్ల ఆటగాళ్ళ కెరీర్ మోకాలు పోతే ఆగుతుంది. ఆయన కెరీర్ ఏటా నీళ్ళొస్తే ఆగేది.

ఆయన్ని నేను మొదటిసారి చూసింది విస్తరి ముందు కూర్చుని. ఇంజనీరింగ్ రెండో ఏడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, ర్యాంకు పుణ్యమా అని భీమవరంలో తేలినవాణ్ణి. ఎవడేమన్నా మీదికి పోతాను కాబట్టి మా కోచ్ నన్ను గోల్ ముందు అడ్డుకునే స్టాపర్‌గా పెట్టాడు, ఆ కోపమేదో ఎదుటి టీమ్ ఫార్వర్డ్ మీద చూపించమని. ఆ ఊరి టీముతో ఫ్రెండ్లీ మ్యాచ్ అని బస్సు దిగేసరికి గట్టు మీద షామియానా, బల్లలు, అరిటాకులు. చెరువు గలాయన ఎదురొచ్చారు. ఊరంతా రాజుగారు అనే పిలుస్తారు.

"ముందు భోజనాలండి. ఆట ఎక్కడికి పోద్దండి?"

కూర్చున్నాం. ఎడమ చేతిలో కూర బకెట్టు, కుడి చేతిలో గరిటె, ఆ బకెట్టు బరువుకి ఎడమ భుజం కిందికి జారి, ఒక మనిషి వరస వెంట వస్తున్నాడు. సన్నగా, నల్లగా, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీలో.

"కొంచెం వెయ్యనివ్వండి బాబూ."

"చాలు అన్నా."

"చాలంటే ఎలాగండి? మీరింకా మొదలే పెట్టలేదు కదండీ."

"అరె, చాలు భయ్యా. మ్యాచ్ ఉంది."

"మ్యాచ్ మాక్కూడా ఉందండి."

నేను రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాను. ఆయన కుడివైపు వంగాడు. నా చేతులు కుడివైపు జరిగాయి. ముక్కలు ఎడమవైపు పడ్డాయి.

"ఏమీ అనుకోకండి," అని పక్క ఆకుకి వెళ్ళిపోయాడు.

గంట తర్వాత చెరువులో అదే మనిషి, నిక్కరేసుకుని, బంతితో నా మీదికి వస్తున్నాడు. ఎడమ భుజం అలాగే కిందికి జారి ఉంది, చేతిలో లేని బకెట్టు మోస్తున్నట్టు. నా కడుపులో వేటమాంసం, రొయ్యల వేపుడు, గడ్డపెరుగు, కొత్తావకాయ అన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. ఆయన కుడివైపు వంగాడు. నేను కుడివైపు వెళ్ళాను. ఆయన ఎడమవైపు పోయాడు. వెనక వెదురు గెడ కదిలిన చప్పుడు.

"ఏమీ అనుకోకండి."

ఈ మాట ఆయన ప్రతి గోల్ తర్వాతా వెనక్కి వస్తూ, ఎవర్ని దాటి కొట్టాడో వాళ్ళకి విడిగా చెప్పేవాడు. గోల్‌కీపర్‌కి ఇంకోసారి. ఆ రోజు సురేష్ గాడు ఎన్నిసార్లు ఏమీ అనుకోకుండా ఉండాల్సి వచ్చిందో వాడే మర్చిపోయాడు.

మ్యాచ్ అయ్యాక నేను రాజుగారి మీదికి వెళ్ళాను. "ఇది చీటింగ్ సార్! ఫుల్లుగా తినిపించి ఆడించడం ఏంది?"

రాజుగారు పొట్ట కదిలేలా నవ్వారు. "అన్నం పెడితే చీటింగా బాబూ? మీ హైదరాబాద్‌లో ఏం పెట్టకుండా ఆడిస్తారేంటి?" గట్టు మీద వాళ్ళకి వినపడేలా ఇంకో మాట కూడా అన్నారు. "గోల్స్ కొట్టింది మావాడు కాదండోయ్. మా వేటపోతు!"

గట్టంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, గోల్స్ కొట్టినాయన. ఖాళీ బకెట్లు కడుగుతూ. భోజనాల ఫార్వర్డ్ అనే పేరు అక్కడే పుట్టింది. మా కాలేజీ దాకా మా బస్సులోనే వచ్చింది.

ఆ తర్వాత చెరువు ఎండినప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. మొదట్లో పగ తీర్చుకుందామని. మెల్లిగా చూడ్డానికి.

ఆయనది చేపలు పట్టే కుటుంబం. రొయ్యల పట్టుబడి రోజుల్లో మెడ లోతు నీళ్ళలో వల లాగడం పని. బురదలో పాదం ఎక్కడ పెడితే జారదో ఆ కాళ్ళకి తెలుసు. తూము దగ్గర మూల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ మేమంతా జారిపడేవాళ్ళం, ఆయన లెఫ్ట్ వింగర్. కుడివైపు పెద్ద పగుళ్ళు. అక్కడ చిన్నచిన్న అంగలేసుకుంటూ రైట్ వింగర్. నడిమధ్యన నేల గట్టిగా ఉంటుంది. అక్కడ దూరం నుంచి కొట్టే సెంటర్ ఫార్వర్డ్.

"అసలు నీ పొజిషన్ ఏంటన్నా?" అని అడిగాను ఒకసారి.

"ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడికెళ్ళడమేనండి. వడ్డనలో పొజిషనేంటండీ?"

కరెంటు పోయినప్పుడు చూడాలి ఆయన్ని. చుట్టుపక్కల చెరువుల్లో పంట ఉంటుంది. కరెంటు పోతే నీళ్ళలో తిరిగే ఏరియేటర్లు ఆగిపోతాయి, రొయ్యలకి ఊపిరాడదు. కాబట్టి కరెంటు పోగానే వాళ్ళ టీములో సగం మంది మ్యాచ్ వదిలేసి ఎవరి జనరేటర్ దగ్గరికి వాళ్ళు పరిగెత్తేవాళ్ళు. గోల్‌కీపర్‌తో సహా. చెరువు లేనివాడు కాబట్టి ఆయన మిగిలేవాడు. గోల్ ఆపేవాడు, ఆపిన బంతిని తనే తన్నుకుని, తనే పరిగెత్తి, తనే అందుకునేవాడు. దారిలో "జరగండి బాబూ, ఒక్క నిమిషం అండి," అంటుంటే మా వాళ్ళు నిజంగానే జరిగేవాళ్ళు! నేను ఆ పక్కనుంచి అరిచేవాణ్ణి. "ఒరేయ్, జరగమంటే జరుగుతారేంట్రా? అతను అవతలి టీమ్ రా!" చంటి అని మా రైట్ బ్యాక్ తల గోక్కుంటూ అనేవాడు, "అండీ అన్నాక ఎలా రా?"

కాలికి అడ్డం పెట్టి పడేస్తే లేచి, పడేసినవాణ్ణి అడిగేవాడు: "మీకేం దెబ్బ తగల్లేదు కదండీ?" ఈ ప్రశ్నకి సమాధానం చెప్పి మళ్ళీ ఫౌల్ చెయ్యడం ఎంత కష్టమో స్టాపర్‌గా ఆడినవాడికే తెలుస్తుంది.

అయినా పేరు మాత్రం వేటపోతుదే. పక్క ఊరి టీములు ఓడిపోయి, "మాంసం దెబ్బండీ," అని వెళ్ళిపోయేవి. వాళ్ళకీ పరువు దక్కేది, రాజుగారికీ పేరొచ్చేది. ఇద్దరికీ పనికిరానిది ఒక్కటే, ఆయన ఆట బాగుండటం.

నా ఫైనలియర్‌లో మా బాబాయి స్నేహితుడొకాయన కలిశారు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఫుట్‌బాల్ టీముకి ఆటగాళ్ళని ఎంపిక చేస్తారు. టీములోకి తీసుకుంటే కంపెనీలో ఉద్యోగం కూడా. ముప్పై దాటితే చూడరు. మన ఫార్వర్డ్‌కి అప్పటికి ఇరవై తొమ్మిది. ఆ సెలెక్టర్ వెంటపడి, ఫోన్లు చేసీ చేసీ విసిగించి, మాతో మ్యాచ్ ఉన్న రోజు వచ్చి చూసేలా ఒప్పించాను. వెళ్ళి ఈయనకి చెప్పాను. చిరిగిన నెట్టు కుడుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"అక్కడ గ్రౌండ్‌లో నీళ్ళు పెట్టరు కదండీ?"

"గ్రౌండ్‌లో నీళ్ళెందుకు పెడతారన్నా?"

"అంటే ఏడాదంతా ఆడుకోవచ్చాండీ?"

"రోజూ ఆడాలి. అదే పని."

దారం కొరికి తెంపి, నెట్టు దులిపి, "రోజూనండీ," అన్నాడు. ఆయన నోట్లో ఆశ అనే మాట నేను విన్నది అంతే.

నేను ప్లాన్ వేశాను. ఆ రోజు మా టీములో ఒక్కడు కూడా మెతుకు ముట్టడు. రేపు ఎవడూ మాంసం దెబ్బ అనడానికి వీల్లేదు. బ్రెడ్డు కొనుక్కుని, కావాలని ఆలస్యంగా వెళ్ళి బస్సులోనే కూర్చున్నాం. ఆయన బకెట్టుతో బస్సు తలుపు దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఏంటండీ ఇది? ఏమన్నా తప్పు జరిగిందాండీ?"

"ఏం జరగలే. ఈ రోజు మేం తినం. నీ కోసమే అన్నా, అర్థం చేసుకో. ఇంకో ముచ్చట విను. ఆ సెలెక్టర్‌కి కూడా ఏం పెట్టకు. మజ్జిగ ఇయ్యి, చాలు."

"రాత్రంతా రైల్లో వచ్చారంటండీ ఆయన."

"వస్తే రానీ! నీ ఆట చూడ్డానికి వచ్చాడు, తినడానికి కాదు!"

"తింటే కళ్ళు కనపడవేంటండీ?" అని నవ్వి వెళ్ళిపోయాడు. బకెట్టు షామియానా వైపు వెళ్తుంటే చూశాను. దిగి ఆపేవాణ్ణే. మా కోచ్ బూట్లేసుకోమని అరిచాడు.

మ్యాచ్ రికార్డు చెయ్యమని ఫోను మా బస్సు డ్రైవర్ చేతికిచ్చి, షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టాను. నా ఫోను నా చేతిలో లేని గంటలు నా జీవితంలో తక్కువ. అందులో అవి కొన్ని.

ఆ రోజు ఆయన ఆడిన ఆట ఎలా చెప్పను? మా కడుపులు ఖాళీ. కాళ్ళు తేలిక. రెండేళ్ళుగా ఆయన భుజం చూసి చూసి నాకు ప్రతి వంకరా కంఠతా వచ్చు. తూము మూల నుంచి ఒకటి కొట్టాడు, ఎడమ కాలితో. పగుళ్ళ వైపు నుంచి ఒకటి, కుడి కాలితో. మూడోది నడిమధ్యన, ఎదురుగా, నన్నే దాటి. కుడివైపు వంగాడు. ఈసారి నేను మోసపోలేదు, ఎడమవైపే వెళ్ళాను. ఆయన కుడివైపే పోయాడు.

"ఏమీ అనుకోకండి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఓడిపోతూ నవ్విన మ్యాచ్ అదొక్కటే. ఎవడంటాడు ఇప్పుడు వేటపోతు అని? గట్టు వైపు చూశాను, సెలెక్టర్ ముఖం చూద్దామని.

కనపడింది ఆయన గడ్డమే. తల వెనక్కి వాలి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. పక్కన రాజుగారు, ఈగలు వాలకుండా ఆయన ముఖం మీద తువ్వాలు విసురుతున్నారు.

విజిల్ వేశాక పరిగెత్తాను. సెలెక్టర్ అప్పుడే లేస్తున్నారు. "మొదలైందా?" అన్నారు.

నేనేదో అరవబోతుంటే నా వెనకనుంచి ఆయన వచ్చాడు. ఒళ్ళంతా సున్నం, చెమట. "బాగా నిద్ర పట్టిందాండీ? టీ తెమ్మంటారా?"

మ్యాచ్ అయిపోయిందని తెలిసి సెలెక్టర్ కొంచెం సిగ్గుపడ్డారు. ఆ సిగ్గు పోగొట్టుకోవడానికి పెద్దమనసు చూపించారు. "ఆట సంగతి మళ్ళీ చూద్దాం. నీ వడ్డన మాత్రం ఫస్ట్ క్లాస్ అయ్యా. మా క్యాంపులో కుర్రాళ్ళు సరిగ్గా తినరు. మెస్సులోకి వచ్చెయ్, రేపే మాట్లాడతాను."

రాజుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. "ఒరేయ్, నీ దశ తిరిగిందిరా!"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "ఏమీ అనుకోకండి," అన్నాడు, గోల్‌కీపర్‌తో అన్నట్టే. "అది ఉద్యోగం కాదు కదండీ, అన్నం పెట్టడం." అని టీ తేవడానికి వెళ్ళాడు.

టీ గ్లాసులు కడిగే చోట పట్టుకున్నాను. "పెట్టొద్దని చెప్పానా లేదా? ఒక్క గోల్! ఒక్క గోల్ కూడా చూడలేదు ఆ మనిషి! నీ బతుకు బాగుపడేదన్నా!"

"ఆకలి మీదున్నారండి ఆయన. ఎదురుగా కూర్చోపెట్టుకుని నేనెలా ఆడనండి?" నా అరుపులకి కాదు గానీ, నా కళ్ళు చూసి కంగారుపడ్డాడు. "అయ్యో, ఊరుకోండి బాబూ. మీరు చూశారు కదండీ. మీరే బాగా దగ్గర్నుంచి చూశారు."

డ్రైవర్ తీసిన వీడియో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. అతనికి కూడా వడ్డించారు. వీడియో అంతా గాలికి ఊగే షామియానా గుడ్డ, ఒక గురక. దూరం నుంచి మూడుసార్లు "ఏమీ అనుకోకండి". ఆ గోల్స్‌కి ఉన్న సాక్ష్యం అదీ, నేనూ.

ఆ రాజుగారి చెరువుకి ఈ ఏడు అడుగున ప్లాస్టిక్ షీటు వేస్తున్నారు. షీటు మీద ఫుట్‌బాల్ ఆడరు. అందుకే ఆఖరి మ్యాచ్.

శనివారం రాత్రి బస్సెక్కాను. సురేష్ గాడు, చంటిగాడు, ఇంకొందరు పాతవాళ్ళు ముందే దిగి ఉన్నారు. గట్టు మీద షీటు చుట్టలు నల్లగా, కొండచిలువల్లా పడి ఉన్నాయి. షామియానా కింద ఆయన బకెట్టు పట్టుకుని తయారుగా ఉన్నాడు. మనిషి కొంచెం ఒంగాడు. నన్ను చూడగానే, "హైదరాబాద్ బాబు! రండి రండి, ఆకేశాం," అన్నాడు.

నేను ఆ బకెట్టు లాక్కున్నాను. "ఈ రోజు నువ్వు కూర్చో."

"అయ్యయ్యో, అదేంటండీ!"

"కూర్చో అన్నా. నీ మ్యాచ్ ఇది."

కూర్చున్నాడు గానీ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండుసార్లు లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టి వేశాను. వేటమాంసం వేశాను. రొయ్యలు వేశాను. అన్నం మీద అన్నం వేశాను. సురేష్ గాడు నా చెవిలో, "ఏంట్రా, పగ తీర్చుకుంటున్నావా?" అన్నాడు. "నోరు మూసుకుని చూడు," అన్నాను. చాలు అనడం ఆయనకి రాదు. ఒక జీవితమంతా ఎదుటివాళ్ళ నోటి నుంచి విని కొట్టిపారేసిన మాట అది. వేసిందంతా తిన్నాడు. ఆకు మడిచి లేచేసరికి నిక్కరు బొత్తాం పెట్టుకోలేకపోయాడు.

మ్యాచ్ మొదలైన కాసేపటికి తూము మూల నుంచి బంతి ఆయనకి అందింది. భుజం జారింది. చంటి జరిగిపోయాడు, అలవాటు కొద్దీ. నేను ఎదురుగా వెళ్ళాను. కుడివైపు వంగాడు. నేను కదల్లేదు, ఎటూ కదల్లేదు. నా రెండు కాళ్ళ మధ్యనుంచి బంతి పోయింది. వెనక సురేష్ గాడు బోర్లా పడ్డ చప్పుడు.

"కడుపు పగిలేలా తిన్నాడు కదరా! ఏంట్రా ఇది?" అన్నాడు వాడు, పడుకునే.

"గ్రూపులో రాయి," అన్నాను.

గట్టు మీద రాజుగారు లేచి నిలబడ్డారు. "చూశారా! మా భోజనం బలం!"

ఆయన వెనక్కి వస్తూ నా దగ్గర ఆగాడు. ఒగరుస్తున్నాడు. "ఏమీ అనుకో..." అని, మధ్యలో ఆపి నా ముఖంలోకి చూశాడు. "మీరు తిన్నారాండీ?"

"తర్వాత తింటా అన్నా. ఆడు."

ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. "ఆపండి, ఆపండి! ఈయన భోంచెయ్యలేదంటండీ!"

విజిల్ పట్టుకున్న డ్రిల్ మాస్టారు కూడా గోదావరి మనిషే. "అయ్యో, అదెలాగండి?" అని విజిల్ వేసేశారు. ఎవరో ఆకు తెచ్చారు. గట్టు అంచున, షీటు చుట్ట మీద నన్ను కూర్చోబెట్టారు. ఆయన సున్నం చేతులు కడుక్కుని బకెట్టందుకున్నాడు. చెరువులో రెండు టీములూ నడుం మీద చేతులేసుకుని నా వైపే చూస్తూ నిలబడ్డాయి.

"తొందరేం లేదండి. నిదానంగా తినండి," అన్నాడు.

తిన్నాను. నేను లేస్తే ఆట మొదలవుతుంది. ఆట మొదలైతే అయిపోతుంది. పెరుగు దగ్గరికొచ్చేసరికి ఆయన బకెట్టు కింద పెట్టబోయాడు.

"అన్నా, ఇంకొంచెం అన్నం," అన్నాను.